గాదె ఉన్న ఇంట ఎలుక

నడిరేయి. చీకటి గదిలో నిద్రపోతున్న మనిషి ఒక్కసారిగా కేక పెట్టి లేస్తాడు. ఎలుక! చెల్లెళ్లిద్దరూ దీపం పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఇల్లంతా వెతుకులాట మొదలవుతుంది. కేక పెట్టినవాడు పసివాడు కాదు, రోగిష్టీ కాదు. మీసంలో తెల్లవెంట్రుక కనపడితే దిగులుపడే వయసువాడు, ఆ ఇంటి పెద్ద. పేరు ఉన్ని. అదూర్ గోపాలకృష్ణన్ 1981లో మలయాళంలో తీసిన ‘ఎలిప్పత్తాయం’ ఈ కేకతోనే నడక అందుకుంటుంది. ఎలుకల బోను అన్నదే ఆ పేరుకు అర్థం.

సినిమా చూసినవాళ్లెవరైనా బయటికి వస్తూనే చెప్పే మాట ఒకటుంది: ఉన్నే ఎలుక, ఇల్లే బోను. తప్పేం లేదు, దర్శకుడూ అందుకు కావలసిన ఆనవాళ్లన్నీ పెట్టాడు. అయితే అక్కడితో ఆగిపోతే సినిమాలో సగమే చూసినట్టు. మనిషి మనసు లోతుల్ని చూపే సినిమాల్లో జంతువు కనపడగానే దాన్ని భయానికో కోరికకో గుర్తుగా తీసేసుకోవడం మనకు అలవాటైంది. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో నార్మన్ బేట్స్ గది గోడల మీద గడ్డి కూరిన పక్షుల్ని చూసినప్పటి నుంచీ ఆ అలవాటు మరీ గట్టిపడింది. ఫ్రాయిడ్ 1909లో ప్రకటించిన ‘ఎలుకల మనిషి’ రోగగాథను తెచ్చి ఉన్నికి అంటగట్టడమూ కష్టం కాదు. అందులోనూ ఎలుకలున్నాయి, డబ్బుంది, తండ్రి తీర్చని బాకీ ఉంది. కానీ ఉన్ని ఎలుక ఫ్రాయిడ్ వియన్నా నుంచి రాలేదు. వడ్లున్న ఇంట్లోంచి వచ్చింది. అది ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు ఆ వడ్లు ఎక్కడివో తెలియాలి.

కేరళలో నాయర్ల ఉమ్మడి ఇంటిని తరవాడు అంటారు. దాని కట్టడం నాలుకెట్టు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్లకు దాన్ని వేరే వర్ణించనక్కర్లేదు: నాలుగు వైపులా కట్టు, మధ్య ఆకాశానికి తెరిచిన ముంగిలి, వాన పడితే నీళ్లన్నీ ఆ నడిమికే. అయితే నాలుకెట్టులో ఒక గదికి తక్కిన గదులకు లేని గౌరవం ఉంది. దాన్ని ‘అర’ అంటారు. మందమైన చెక్క గోడలు, బరువైన తలుపు, గట్టి తాళం. ధాన్యం అక్కడే, విలువైనవన్నీ అక్కడే. చాలా ఇళ్లలో దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేదీ ఆ గది ముందే. పెద్ద తరవాడులకు అర చాలక ధాన్యానికి విడిగా ఇంకో కట్టడం ఉండేది. ఇల్లు కట్టడమంటే గాదె చుట్టూ మనుషులకు చోటివ్వడమే అన్నట్టుగా ఉంటుంది ఆ నిర్మాణం.

ఆ ధాన్యం ఇంటివాళ్లు పండించింది కాదు. కౌలుదార్లు పండించి కొలిచి తెచ్చింది. ఆ కౌలును ‘పాట్టం’ అనేవారు. ఓణం పండక్కి అరటి గెలలు, కూరగాయలు కానుకగా మోసుకొచ్చి వాకిట్లో పెట్టేది కూడా వాళ్లే. పైన జన్మి, అంటే భూస్వామి. అతని కింద కాణందారు, అంటే జన్మికి సొమ్మిచ్చి భూమి పట్టినవాడు. అతని కింద ఉత్త కౌలుకు చేసేవాడు. అందరికన్నా అడుగున గుడిసెలో ఉండి కూలి చేసే పులయ కుటుంబం. ఇన్ని మెట్లెక్కి వస్తే గానీ ఒక వడ్లగింజ అరకు చేరేది కాదు. ఎలుక ఆ ఇంట్లోకి రావడంలో మర్మమేమీ లేదు. నిలవ ధాన్యం ఉన్నచోటికి అది వస్తుంది. కష్టపడకుండా ఇంటి సొమ్ము తినేవాణ్ణి తెలుగువాళ్లు ‘గాదె కింద పందికొక్కు’ అంటారు. ఉన్నిని చూసిన తెలుగు ప్రేక్షకుడికి మొదట తట్టేది ఈ మాటే. సినిమాకు ఇంతకన్నా దగ్గరి వ్యాఖ్యానం ఏ సిద్ధాంతగ్రంథంలోనూ దొరకదు.

ఇక ఆ ఇంటి ఆచారం. ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి పోయేది కాదు. మేనమామ నుంచి మేనల్లుడికి పోయేది. దీన్నే మరుమక్కత్తాయం అంటారు. పిల్లలు తల్లి ఇంటివాళ్లు, తల్లి తరవాడు వాళ్లు. పెళ్లి పేరు సంబంధం. భర్త రాత్రికి భార్య ఇంటికి వచ్చి, తెల్లారి తన తల్లి ఇంటికి వెళ్లిపోయేవాడు. బిడ్డల తిండికి, చదువుకు, పెళ్లికి పూచీ వాళ్ల మేనమామదే. ఆ ఇంట్లో వయసులో పెద్దవాడైన మగవాడు కారణవర్. ఆస్తి అతనిది కాదు గానీ పెత్తనమంతా అతనిదే. ఆస్తి పంచమని ఏ ఒక్కరూ అతణ్ణి బలవంతపెట్టడానికి లేదు. అందరూ ఒప్పుకుంటేనే పంపకాలు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు కోర్టులు ఈ నియమాన్ని ఇంకా బిగించాయి. చిన్నవాళ్లకు దక్కేది తిండీ బట్టా మాత్రమే.

ఈ ఏర్పాటు ఒకనాడు పనికొచ్చిందే. నాయర్ మగవాళ్లు కత్తి పట్టిన సైనికులు. కలరిలో సాము నేర్చి, రాజు పిలిస్తే యుద్ధానికి వెళ్లేవాళ్లు. ఇంటి మగవాడు ఎప్పుడు తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో తెలియని కులంలో పొలం చీలకుండా, పిల్లలు దిక్కులేనివాళ్లు కాకుండా తల్లి ఇల్లు కాపాడింది. 1805లో మలబారులో ఇంగ్లీషువాళ్లతో పోరాడిన పళస్సి రాజా నేలకొరిగాడు. 1809లో తిరువాన్కూరులో దివాను వేలుతంపి దళవా తిరుగుబాటు అణగిపోయింది. ఇంగ్లీషువాళ్లు నాయర్ దళాల్ని చాలామటుకు రద్దు చేశారు. కత్తి పోయింది, కారణవర్ మిగిలాడు. పనిపోయాక పెత్తనం మాత్రమే చేతిలో ఉన్న మగవాళ్లు తరానికో మెట్టు దిగుతూ వచ్చారు. వాళ్లందరి చివర పడక కుర్చీలో కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటూ ఉంటాడు ఉన్ని.

చదువుకున్న మేనల్లుళ్లు ఊరుకోలేదు. మద్రాసులో బి.ఏ. చదివి వచ్చిన కుర్రవాడు, ఇంట్లో అక్షరమ్ముక్క రాని మేనమామ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఫీజు డబ్బులు అడగాల్సి వచ్చేది. 1889లో ఒ.చందు మేనోన్ రాసిన ‘ఇందులేఖ’ నవల అంతా ఈ రాపిడే. అందులోని పంచు మేనోన్ అనే కారణవర్ కోపం మలయాళ పాఠకులకు ఇప్పటికీ పరిచయమే. మలబారు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మన గోదావరి, కృష్ణా జిల్లాలకు శాసనాలు చేసిన మద్రాసులోనే ఈ తగవూ తేలాలి. సంబంధానికి చట్టబద్ధత కోసం సి.శంకరన్ నాయర్ వివాహాల బిల్లు పెట్టాడు. జస్టిస్ టి.ముత్తుస్వామి అయ్యర్ అధ్యక్షుడిగా 1891లో కమిషన్ వేశారు. చందు మేనోన్ అందులో సభ్యుడు. సంబంధం కూడా పెళ్లేననీ, దాన్ని సర్కారు దగ్గర నమోదు చేయించనక్కర్లేదనీ అతను విడిగా తన అభిప్రాయం రాశాడు. నవలలో కారణవర్ల మొండితనాన్ని చీల్చి చూపినవాడే ఆచారాన్ని అలా వెనకేసుకొచ్చాడు. ఆ ఆచారం లోపల పుట్టినవాళ్లకు అదెంత చిక్కుముడో దీన్నిబట్టి తెలుస్తుంది. చివరికి 1896లో మలబారు వివాహ చట్టం వచ్చింది. నమోదు చేయించుకున్నవాళ్లు బహు కొద్దిమంది.

తర్వాత చట్టాలు వరసకట్టాయి. తిరువాన్కూరులో 1912లో ఒకటి తండ్రి స్వార్జితంలో పిల్లలకు భాగమిచ్చింది. 1925 నాయర్ చట్టం అసలు తలుపు తెరిచింది. ఎవరి వాటా వాళ్లు అడిగి తీసుకోవచ్చు. మలబారుకు 1933లో మద్రాసు మరుమక్కత్తాయం చట్టం అమల్లోకి వచ్చింది. తరవాడు తలుపులు, దూలాలు, పాత్రలు, కొబ్బరిచెట్లు కూడా లెక్కపెట్టి పంచుకున్న రోజులవి. ఎం.టి.వాసుదేవన్ నాయర్ ‘నాలుకెట్టు’ నవల 1958లో వచ్చేనాటికి ఆ ఇల్లు పాడుబడిపోయింది. దాన్ని కూల్చి గాలీ వెలుతురూ వచ్చే చిన్న ఇల్లు కట్టుకుందామన్న మాట దగ్గరే ఆ నవల ముగుస్తుంది.

ఇల్లు చీలింది గానీ గాదెలోకి వడ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ దారి మూయడానికి ఇంకో పుష్కరం పైగా పట్టింది. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం గద్దెనెక్కి, వారం తిరక్కుండానే కౌలుదార్లను వెళ్లగొట్టకూడదని ఆర్డినెన్సు తెచ్చింది. 1959 జూలై 31న ఆ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. 1963లో భూసంస్కరణల చట్టం, 1969లో దానికి సవరణ, 1970 జనవరి 1 నుంచి కౌలు వ్యవస్థే రద్దు. దున్నేవాడే హక్కుదారు. గుడిసె వేసుకున్న కూలీకి ఆ గుడిసె చోటు మీద హక్కు. ఓణం కానుక మోసుకొచ్చే మనిషి వాకిట్లో కనపడటం మానేశాడు. ఆ తర్వాత పదేళ్లలో పక్కింటి కుర్రాళ్లు గల్ఫ్ వెళ్లి గడియారాలతో, అత్తరు వాసనలతో తిరిగొచ్చారు. ఉన్ని ఇంటి ముందు దారిన పోయేవాళ్లలో అలాంటివాడొకడు ఉంటాడు. ఉన్ని అతన్ని చూసే చూపులో తిరస్కారం ఎంతుందో బెరుకూ అంతే ఉంటుంది.

ఇదంతా వెనక పెట్టుకుని సినిమాలోకి మళ్లీ వెళితే జంతువులు వేరుగా కనపడతాయి.

మొదట బోను. చెక్కపెట్టె, పైకెత్తి నిలిపిన తలుపు, లోపల ఎర. బోను ఎవరి వెంటా పడదు. ఎలుకే తిండి కోసం తనంత తాను లోపలికి పోతుంది, ఎరను లాగగానే తలుపు పడిపోతుంది. ఉన్నిని ఆ ఇంట్లో ఎవరూ బంధించలేదు. వేళకు వేన్నీళ్లు, వేళకు అన్నం, పిలిస్తే పలికే చెల్లెలు రాజమ్మ. ఇదే అతని ఎర. ఊరికి బయల్దేరి, దారిలో నీళ్లు నిలిచిన చోటు చూసి, ఉతికిన బట్టలు పాడవుతాయని వెనక్కి తిరిగొచ్చే దృశ్యం అందరికీ గుర్తుంటుంది. దాన్ని పిరికితనం అంటే సరిపోదు. బురద తొక్కే పని తన ఇంటి మగవాడిది కాదని తరతరాలుగా నేర్చుకున్న కాలు అది.

ఆవు దృశ్యం ఇంకా పదునైనది. పెరట్లోకి ఎవరిదో ఆవు దూరి మొక్కలు తింటూ ఉంటుంది. ఉన్ని వసారాలో నుంచి చూస్తూ రాజమ్మను కేకేస్తాడు. తను మెట్టు దిగడు. ఎలుక చీకట్లో వస్తుంది, దొంగతనంగా వస్తుంది, దాన్ని చూసి జడుసుకున్నాడంటే కొంత అర్థముంది. ఆవు పట్టపగలు, నిదానంగా, ఎవరికీ వెరవకుండా వస్తుంది. కంచె ఊడిపోతే బాగుచేసే పాలేరు లేడు, అదిలించే కూలివాడు లేడు. 1970కి ముందైతే అది అంతదూరం వచ్చేదే కాదు. సినిమాలో చట్టం గురించి ఉపన్యాసాలు లేవు, ఎర్రజెండాలు లేవు. ఒక్క ఆవు చాలింది. అదూర్ పనితనానికి ఈ దృశ్యాన్ని మించిన సాక్ష్యం లేదు. ప్రతీకలు వెతికేవాళ్లు ఎలుక దగ్గరే ఉండిపోయి దీన్ని దాటేయడం బాధ కలిగిస్తుంది.

అదూర్ ఎంచుకోని జంతువు కూడా ఒకటుంది. ప్రతి పెద్ద తరవాడుకూ నైరుతి మూల ‘సర్పక్కావు’ ఉండేది. నాగశిలలు, వాటి చుట్టూ కొమ్మ కూడా నరకని చిట్టడవి, ఏడాదికోసారి పుళ్లువన్లు అనే పాటగాళ్లు వచ్చి వీణ, కుడం వాయిస్తూ పాడే సర్పపూజ. వంశం నిలవడానికి నాగదేవత అనుగ్రహం కావాలన్నది నమ్మకం. ఆ ఇంటి పతనం గురించి సినిమా తీసేవాడికి పాము చేతికందేంత దగ్గరగా ఉంది. అందం, భయం, భక్తి, తెర మీద మెరుపు, అన్నీ దొరుకుతాయి. దాన్ని తీసుకుంటే ఆ ఇంటికి ఏదో మహిమ అంటుకునేది. ఎలుకకు పూజ లేదు, శాపమిచ్చే శక్తి లేదు. ఆ ఇంటి అంతం పురాణంలోది కాదనీ, నిలవ తిండి అయిపోవడమేననీ చెప్పడానికి ఎలుకే తగింది.

బోనులో పడ్డ ఎలుకను ఇంటి కొలనుకు తీసుకుపోయి నీళ్లలో ముంచేది చిన్న చెల్లెలు శ్రీదేవి. చదువుకుంటున్న పిల్ల, అద్దంలో తన్ను తాను చూసుకునే పిల్ల. చివరికి ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. ఎలుకను ముంచగల చెయ్యి ఆమెదొక్కటే, గడప దాటగల కాలూ ఆమెదే. పెద్దక్క జానమ్మ పెళ్లై వెళ్లినా పంటలో తన వాటా కోసం కొడుకును వెంటబెట్టుకుని వచ్చి దిగుతుంది. ముగ్గురు అక్కచెల్లెళ్లకూ మూడు రంగులిచ్చానని అదూర్ తన సంభాషణల్లో చెప్పాడు: శ్రీదేవికి ఎరుపు, జానమ్మకు ఆకుపచ్చ, రాజమ్మకు నీలం. అది ఆయన మొదటి రంగుల సినిమా. మంకడ రవివర్మ కెమెరా ఆ రంగుల్ని చీకటి గదుల్లో ఎంత పొదుపుగా వాడిందో చూసి తీరాలి.

రాజమ్మగా నటించింది మన తెనాలి శారద. జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెకు మూడుసార్లు వచ్చింది. రెండు మలయాళ సినిమాలకు, ఒకటి బి.ఎస్.నారాయణ తీసిన తెలుగు ‘నిమజ్జనం’కు. అదూర్ మొదటి సినిమా ‘స్వయంవరం’ (1972) ఆ మలయాళ సినిమాల్లో ఒకటి. తెలుగు తెర మీద ఆమెతో పుంఖానుపుంఖంగా కన్నీటి డైలాగులు చెప్పించారు. ఇక్కడ ఆమె దాదాపు మాట్లాడదు. తలవంచుకుని తిరగలి దగ్గరికీ, పొయ్యి దగ్గరికీ, అన్నగారి కుర్చీ దగ్గరికీ నడుస్తుంది. ఆకాశంలో విమానం చప్పుడైతే బయటికొచ్చి తలెత్తి చూస్తుంది. ఆ ముఖం చూశాక శారద గొప్పతనం గురించి తెలుగువాళ్లు ఇంకా చెప్పుకోవలసింది చాలా ఉందనిపిస్తుంది. సంగీతం సమకూర్చిన ఎం.బి.శ్రీనివాసన్ పుట్టింది చిత్తూరులో. డబ్బు పెట్టింది కొల్లంలో జీడిపప్పు ఎగుమతి చేసే కె.రవీంద్రనాథన్ నాయర్. ఈ సినిమాకు 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సదర్లాండ్ ట్రోఫీ ఇచ్చింది. అంతకుముందు భారతీయుల్లో దాన్ని అందుకున్నది ‘అపుర్ సంసార్’ తీసిన సత్యజిత్ రాయ్.

రాజమ్మకు వచ్చిన పెళ్లి సంబంధాల్ని మన అంతస్తుకు తగవంటూ తిప్పి పంపింది ఉన్నే. ఆమె వెళ్లిపోతే అతనికి వేన్నీళ్లు పెట్టేదెవరు? మరుమక్కత్తాయంలో ఆడవాళ్లకు అధికారముండేదని గొప్పగా రాసేవాళ్లు రాజమ్మను ఒకసారి తలచుకోవాలి. వంశం ఆమె పేరనే నడిచింది, ఆస్తి ఆమె కడుపున పుట్టినవాళ్లకే చెందాలి, తాళంచెవి మాత్రం అన్నది. పుట్టింట్లో చోటు ఉండటం, భర్త చనిపోయినా వీధిన పడకపోవడం నిజమైన భద్రతలే. దేశంలో చాలాచోట్ల ఆడవాళ్లకు అవి కూడా లేవు. కానీ ఆ భద్రత కారణవర్ గుణాన్ని బట్టి ఉండేది. కడుపునొప్పితో కుప్పకూలిన రాజమ్మను నలుగురూ మోసుకుపోతారు. ఆమె తిరిగి రాదు.

ఆ తర్వాత ఉన్ని తలుపులన్నీ మూసుకుంటాడు. పగలు కనపడడు, చీకటి గదిలో కలుగులో ఉన్నట్టు ముడుచుకుంటాడు. మతి చలించిందని సినిమా ఎక్కడా చెప్పదు. ఒక రాత్రి ఊరివాళ్లు తలుపు పగలగొట్టి లోపలికొస్తారు. అతను గది నుంచి గదికి పరుగెత్తుతాడు. పట్టుకుని, ఎత్తుకుని, అదే కొలనుకు మోసుకుపోయి నీళ్లలో పడేస్తారు. శ్రీదేవి బోను ముంచిన తీరే ఇది. తేడా ఒక్కటే. ఎలుక పైకి రాలేదు, ఉన్ని చేతులు జోడించి వణుకుతూ పైకి లేస్తాడు. నీట మునిగి లేవడం కేరళ ఇళ్లలో రోజూ జరిగే శుద్ధి. ఆ లెక్కన కొందరికి అది పునర్జన్మలా కనిపిస్తుంది. అయితే ఆ చేతులు జోడించడంలో పశ్చాత్తాపం కన్నా ప్రాణభయమే ఎక్కువ కనిపిస్తోంది. అంతవరకూ ఇతరులు తన ముందు జోడించిన చేతులవి. మొదటిసారి అతనే జోడించాల్సి వచ్చింది.

సినిమా రావడానికి ఐదేళ్ల ముందే, 1976 డిసెంబరు 1న, కేరళలో ఉమ్మడి కుటుంబ వ్యవస్థను రద్దు చేసే చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు ఇంకా చీలకుండా మిగిలిన ప్రతి తరవాడూ చట్టం దృష్టిలో అప్పటికప్పుడే పంచినట్టు లెక్క. కారణవర్ అనే హోదా లేదు. ఉన్నికి ఒక వాటా, జానమ్మకు ఒక వాటా, ఇల్లు విడిచిపోయిన శ్రీదేవికి ఒక వాటా, అన్న అనుమతి అడగనక్కర్లేకుండా రాజమ్మకూ సమానంగా ఒక వాటా.